డాబా మీద పన్నెండు సంచులు: పెద్దవాల్తేరు సాగు డైరీ

సముద్రానికి దగ్గరలో అద్దెకుంటూ డాబా మీద కూరలు పండించాలనుకునే విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఈ డైరీని రాస్తున్నాను. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, వృక్షశాస్త్రం. నైర, బాపట్ల వ్యవసాయ కళాశాలల్లో సీటు తెచ్చిపెట్టే ర్యాంకు నాకు రాలేదు. మా ఊరు చోడవరం దగ్గర. విశాఖపట్నంలోని పెద్దవాల్తేరులో, తీరానికి సుమారు కిలోమీటరు దూరంలో, ఒక ఇంటి రెండో అంతస్తులో ఇంకొక అమ్మాయితో కలిసి ఉంటున్నాను. పైన డాబా మీద తూర్పు వైపు 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల చోటును మా ఇంటి యజమానురాలు వాడుకోనిచ్చారు. ఆవిడను మేము మామ్మగారు అంటాము. ఇందులో పంట కంటే పాడైన మొక్కల సంగతే ఎక్కువగా ఉంటుంది. అవి పాడవడానికి గల కారణం తెలియడానికి నాకు దాదాపు ఆరు వారాలు పట్టింది. ఇది చదివినవారికి ఒక్క ఉదయం చాలు.

మొదటి దశ: బరువు (ఆగస్టు 10 – 24)

మామ్మగారు పెట్టిన షరతు ఒక్కటే: స్లాబు కారకూడదు, కుంగకూడదు. 12 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు గల పెంపక సంచులు పన్నెండు కొన్నాను. ఒక సంచిని ఎర్రమట్టితోనే నింపి, నీళ్ళు పోసి, కిందికి కారడం ఆగిన తరువాత కొక్కెం తూకానికి తగిలించి చూస్తే 29 కిలోలు తూగింది. పన్నెండు సంచులు ఇలాగే నింపితే 348 కిలోలు. నాతో ఉండే అమ్మాయి చదివేది సివిల్ ఇంజనీరింగ్. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారాన్ని, అంటే సుమారు 150 కిలోలను, లెక్కలోకి తీసుకుంటుందని ఆమె చెప్పింది. చదరపు మీటరుకు నాలుగు సంచులు పెడితే 116 కిలోలు అవుతుంది. లెక్కకు లోబడే ఉన్నా, దాని మీద మనుషులు నిలబడటానికీ, వాన నీరు నిలవడానికీ మిగిలే వెసులుబాటు తక్కువ. ఇల్లు కూడా కొత్తది కాదు. అందువల్ల మిశ్రమాన్ని మార్చాను.

1. ఎర్రమట్టి 90 లీటర్లు. నర్సరీలో సిమెంటు సంచుల కొలతన అమ్మారు.
2. కొబ్బరి పొట్టు 70 లీటర్లు. 5 కిలోల దిమ్మెను నీటిలో నానబెడితే దాదాపు ఇంత అయింది.
3. వానపాముల ఎరువు 45 లీటర్లు, అంటే 25 కిలోలు.

ఒక్కొక్క సంచిలో 17 లీటర్ల మిశ్రమం పట్టింది, తడిసిన తరువాత 18 కిలోలు తూగింది. మొత్తం 348 కిలోల నుంచి 216 కిలోలకు తగ్గింది. సంచులను స్లాబు మధ్యలో కాకుండా, కింద గోడ ఉన్న వరుస వెంబడి పెట్టాను.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉండగా మట్టిని కొనడమేమిటని ఒక సహాధ్యాయి అడిగాడు. అవి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలం. అక్కడి నుంచి పిడికెడు మట్టి కూడా తేకూడదు. నర్సరీ మట్టికి అయిన 180 రూపాయలు ఈ డైరీలో నేను పశ్చాత్తాపపడని కొద్ది ఖర్చులలో ఒకటి.

కొబ్బరి పొట్టును నానబెట్టిన నీటిని పారబోయకుండా, పొట్టు పీల్చుకునేవరకు అలాగే ఉంచి మిశ్రమంలో కలిపేశాను. నీటిని వృథా చేయకూడదనే ఉద్దేశంతో చేసిన పని అది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.

ఖర్చు: సంచులు 420, మట్టి 180, కొబ్బరి పొట్టు 220, వానపాముల ఎరువు 300, విత్తనాలు, నారు 130, తాపీ, నీళ్ళ డబ్బా 200.
ఇప్పటివరకు ఖర్చు: 1,450 రూపాయలు. పంట: లేదు.

రెండో దశ: మొలకలు, మాడిన అంచులు (ఆగస్టు 24 – సెప్టెంబరు 30)

సంచులకు రంగుతో అంకెలు వేశాను. 1 నుంచి 3 వరకు తోటకూర, 4, 5 పాలకూర, 6 మెంతి, 7 నుంచి 9 వరకు బెండ, 10, 11 టమాటా నారు, 12 మిరప నారు.

డాబా మీద ఉన్న కుళాయికి నీరు పై ట్యాంకు నుంచి వస్తుంది, ఆ ట్యాంకును బోరు నింపుతుంది. దీనికి తోడు మా వంటగదిలో నీటిని శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రం వృథాగా వదిలే నీటిని కూడా బకెట్టులో పట్టి, రోజు విడిచి రోజు మొక్కలకు పోశాను.

తోటకూర, పాలకూర బాగానే మొలిచాయి. బెండ 18 గింజలు విత్తితే 7 మాత్రమే మొలిచాయి. మెంతి సంచిలో సగం ఖాళీగా ఉండిపోయింది. విత్తనం పాతదని అనుకొని, అదే పొట్లంలోని పది బెండ గింజలను తడిగుడ్డలో కట్టి గదిలో పెట్టాను. మూడో రోజుకు 8 మొలకెత్తాయి. తడిగుడ్డను తడిపినది వంటింటి మంచినీళ్ళతో. ఆధారం చేతిలోనే ఉన్నా నాకు తట్టలేదు. గింజలను లోతుగా పాతానేమో అని రాసుకొని పేజీ తిప్పేశాను.

సెప్టెంబరు 12 నాటికి బెండ, టమాటా ముదురు ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడటం మొదలైంది. మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాల్చేవి. సంచుల పైఅంచున, మట్టి మీద తెల్లని పొర కనిపించింది. దానిని బూజు అనుకున్నాను.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. రెంటికీ అప్పట్లో మంచి కారణాలే ఉన్నాయి.

మొదటిది, నీరు ఎక్కువైందని భావించి రోజుకు ఒక లీటరు ఇస్తున్న సంచికి అర లీటరే ఇచ్చాను. ఐదు రోజుల్లో మాడు ఆకులో మూడో వంతుకు పాకింది. నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగి ఉన్న లవణం మట్టిలోనే ఉండిపోతుంది. కనుక నీరు తగ్గించడమంటే ఉన్న ఉప్పును చిక్కబరచడమే.

రెండవది, మా తాతయ్యకు ఫోనులో ఫొటో పంపాను. "ముదురాకు అంచు మాడిందంటే పొటాష్ చాలడం లేదమ్మడూ, చిటికెడు వెయ్యి" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, పొటాష్ లోపానికి పాఠ్యపుస్తకంలో ఉన్న గుర్తు కూడా అదే. యాభై ఏళ్ళుగా చెరకు పండించిన మనిషి చూసినవన్నీ తియ్యటి బావినీటి పొలాలు. కిలో ఎర్ర పొటాష్ కొని సంచికి 5 గ్రాముల చొప్పున పన్నెండింటికీ 60 గ్రాములు వేశాను. మార్కెట్లో దొరికే ఎర్ర పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడ్, అంటే అదీ ఒక ఉప్పే. వారం తిరగకుండా బెండ మొక్కలు రెండు చచ్చిపోయాయి, టమాటా పూత రాలిపోయింది.

ఈ మొదటి విత్తులో చివరికి చేతికి వచ్చినవి: తోటకూర 620 గ్రాములు, పాలకూర 300 గ్రాములు, బెండకాయలు తొమ్మిది (130 గ్రాములు).

ఇప్పటివరకు ఖర్చు: 1,490 రూపాయలు. పంట: 1,050 గ్రాములు.

మూడో దశ: కొలత (అక్టోబరు 1 – 4)

అక్టోబరు 1న ప్రయోగశాలలో రియో అనే మొక్క ఆకు పొరను ఉప్పు ద్రావణంలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాము. కణంలోని నీరు బయటికి పోయి, జీవపదార్థం కణకవచం నుంచి విడివడి ఊదారంగు ముద్దగా ముడుచుకుంది. ఇది ఇంటర్మీడియట్లో రికార్డు రాసి, ప్రవేశ పరీక్ష కోసం నిర్వచనంతో సహా బట్టీ పట్టిన ప్రయోగమే. చుట్టూ నీరు ఉన్నా కణం ఎండిపోతున్నది. తడిమట్టిలో నిలబడి వాడిపోయిన నా బెండ మొక్కలు అప్పుడు గుర్తుకు వచ్చాయి.

ఇంటికి రాగానే డాబా ఎక్కి చూశాను. నా సంచులకు ఆరడుగుల దూరంలో, అదే ఎండలో, అదే సముద్రపు గాలిలో మామ్మగారి తులసికోట నిగనిగలాడుతున్నది. రెండు నెలలుగా ప్రతిరోజూ చూస్తున్న మొక్కే. పూజకు బోరునీరు వాడటం ఇష్టంలేక ఆవిడ కింద కుళాయిలో వచ్చే నగరపాలక సంస్థ నీటినే చెంబుతో పైకి తెచ్చి తులసికి పోస్తారు. నేను ప్రత్యేకంగా ఏర్పాటు చేయవలసిన పోలిక అప్పటికే డాబా మీద ఉంది, పసుపుకుంకుమలతో సహా.

మర్నాడు నీటిలో కరిగిన లవణాలను కొలిచే, పెన్ను ఆకారంలో ఉండే టి.డి.ఎస్. మీటరు 250 రూపాయలకు, బ్యాటరీలలో పోసే శుద్ధజలం రెండు లీటర్లు 50 రూపాయలకు కొన్నాను. నా మీటరు 0.5 గుణకంతో పనిచేస్తుంది కనుక చూపిన పి.పి.ఎం. (లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణం) అంకెను 500తో భాగిస్తే విద్యుత్ వాహకత, అంటే ఉప్పుతో పాటు పెరిగే ఇ.సి., మీటరుకు డెసీసీమెన్స్‌లో వస్తుంది. కొన్ని పుస్తకాలలో 640 వాడతారు. ఇతరుల అంకెలతో పోల్చేముందు ఎవరిది ఏ గుణకమో చూసుకోవాలి.

కొలిచినవి:

1. వాన నీరు (బేసినులో పట్టినది): 30 పి.పి.ఎం.
2. నగరపాలక సంస్థ కుళాయి నీరు: 160
3. బోరు ట్యాంకు నీరు: 1,240
4. ఆర్.ఓ. యంత్రం వదిలే నీరు: 1,910
5. మిగిలిపోయిన గుప్పెడు కొబ్బరి పొట్టును నానబెట్టిన నీరు: 1,650 (మొదట్లో పారబోయకుండా మిశ్రమంలో కలిపేసినది ఇలాంటి నీరే)

సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన హద్దులు ఇలా ఉన్నాయి: ఇ.సి. 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 0.7 నుంచి 3 వరకు కొంత నుంచి మధ్యస్థ ఇబ్బంది, 3 దాటితే తీవ్రమైన ఇబ్బంది. బోరు నీటి ఇ.సి. సుమారు 2.5, ఆర్.ఓ. నీటిది 3.8. తీరప్రాంతంలో భూగర్భజలాన్ని తోడినకొద్దీ సముద్రపు నీరు భూమి లోపలికి చొచ్చుకువస్తుందన్నది మాకు భూగోళంలోనే చెప్పారు. ఆర్.ఓ. యంత్రమైతే మంచినీటిని మనకిచ్చి, అందులోంచి తీసిన లవణాలను మిగిలిన నీటిలో కలిపి వదులుతుంది. మా యంత్రానికి వచ్చేది బోరునీరే కనుక నేను బకెట్టులో ఆదా చేసినది ఉప్పు. నగర కుళాయికి బిగించిన యంత్రమైతే వదిలే నీరు ఇంత చెడ్డగా ఉండకపోవచ్చు. ముందు కొలవాలి, తరువాత పోయాలి.

మట్టిని కొలిచిన పద్ధతి:

1. సంచిలో అరచేయి లోతున తీసిన మట్టిని నీడలో ఆరబెట్టి, 20 గ్రాములు తూచాలి.
2. 40 మిల్లీలీటర్ల శుద్ధజలం కలిపి, సీసాలో అయిదు నిమిషాలు ఊపాలి.
3. అరగంట కదలకుండా ఉంచి, పైకి తేరిన నీటిలో మీటరు ముంచాలి.

8వ నంబరు బెండ సంచి 1,450 చూపింది, అంటే ఇ.సి. 2.9. ఈ పద్ధతిలో 1 లోపు ఉంటే మామూలు నేల, 1 నుంచి 2 మధ్య మొలకకు గండం, 2 దాటితే ఉప్పును ఓర్వలేని పైర్ల పెరుగుదలకే దెబ్బ. బెండ ఆ కోవలోదే. పాలకూర మాత్రం బీటుదుంప కుటుంబానిది కనుక కొంత ఓర్చుకుంటుంది. పద్దెనిమిదిలో ఏడు గింజలే ఎందుకు మొలిచాయో, పక్కనే పాలకూర ఎందుకు బతికిందో ఒకే అంకెతో తెలిసింది. తెల్లని పొర కూడా బూజు కాదు. వేలికి అంటించుకొని నాలుక మీద పెట్టుకుంటే చాలు, మీటరు అవసరమే లేదు.

ఇప్పటివరకు ఖర్చు: 1,790 రూపాయలు. పంట: 1,050 గ్రాములు.

నాలుగో దశ: ఉప్పు కడగటం (అక్టోబరు 5 – 25)

నేల లోతుకు సమానమైన లోతు మంచినీరు అందులోంచి పారితే సుమారు 80 శాతం లవణం కొట్టుకుపోతుందన్నది సాగునీటి లెక్కలలో స్థిరపడిన అంచనా. నా సంచికి అది 17 లీటర్లు. జాగ్రత్త కోసం 34 లీటర్లు అనుకున్నాను. కుళాయి నీరు కింద అంతస్తులో ఉదయం 5:30 నుంచి 6:30 వరకే వస్తుంది. 15 లీటర్ల చొప్పున బకెట్టుతో మోయాలి, కళాశాలకు 9 గంటలకు చేరాలి. కాబట్టి ఉదయానికి ఒక సంచి.

మొదటి ఉదయం 7వ సంచిలో బకెట్టును ఒక్కసారిగా గుమ్మరించాను. ఎండి కుంచించుకున్న మట్టికీ, సంచి గోడకూ మధ్య ఉన్న సందులోంచి నీరు జారిపోయింది. 20 లీటర్లు పోసిన తరువాత కూడా మట్టి 1,100 దగ్గరే ఉంది. ఒక రోజు శ్రమ స్లాబు పాలైంది. అందువల్ల పద్ధతి మార్చాను.

1. పైన తెల్లని పొరతో సహా ఒక సెంటీమీటరు మట్టిని గీకి తీసివేయాలి.
2. సంచి గోడ వెంబడి మట్టిని వేళ్ళతో నొక్కి సందు మూయాలి.
3. మూతకు చిల్లులు పెట్టిన రెండు లీటర్ల సీసాను మట్టిలో తలకిందులుగా గుచ్చి, అది ఖాళీ అయినప్పుడల్లా నింపాలి.
4. సంచిని బేసినులో నిలబెట్టి, కారిన నీటిని స్లాబు మీద పడనీయకుండా నేరుగా మురుగు గొట్టంలో పోయాలి.

8వ సంచి నుంచి కారిన నీరు: మొదట 2,300, 10 లీటర్ల తరువాత 1,400, 17 లీటర్ల తరువాత 980, 34 లీటర్ల తరువాత 520. మట్టి 1,450 నుంచి 390కి దిగింది. తరువాతి రెండు ఉదయాలు 9ని, మళ్ళీ 7ను ఇలాగే కడిగాను. అప్పటికి భుజం నొప్పితో ప్రయోగశాలలో కత్తి పట్టుకోవడం కష్టమైంది.

మిగిలిన తొమ్మిది సంచులను అక్టోబరు మూడో వారంలో వాయుగుండం కడిగింది. నాలుగు రోజుల వాన తరువాత అవి 280 నుంచి 420 మధ్య చూపాయి. అయితే ఆ వాన ఇంకొక లోపాన్ని బయటపెట్టింది. సంచుల అడుగున ఉన్న చిల్లులు స్లాబుకు అతుక్కుపోయి నీరు బయటికి పోలేదు. మెంతి వేరు కుళ్ళింది, అసలే నీరసించిన టమాటాలు పడిపోయాయి. స్లాబు మీద పాచి పట్టింది, మామ్మగారు వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళారు. ఆవిడ ఏమైనా అని ఉంటేనే నాకు సులువుగా ఉండేది.

సంచులను ఎత్తుగా నిలపడానికి పక్కింటి కట్టుబడి దగ్గర 36 ఇటుకలు అడిగి తెచ్చి, సంచికి మూడు చొప్పున పేర్చాను. సాయంత్రం మా సివిల్ అమ్మాయి వచ్చి, ఒక ఇటుకను తూకానికి తగిలించి మూడు కిలోలని చూపింది. మట్టిలో కష్టపడి తగ్గించిన 132 కిలోలలో 108 కిలోలను నేనే మళ్ళీ మోసి పైకి తెచ్చాను. మర్నాడు ఇటుకలు వెనక్కి ఇచ్చేసి, పాత సామాను కొట్టులో 120 రూపాయలకు నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం తీసుకొని, మూడంగుళాల ముక్కలుగా కోసి సంచుల కింద పెట్టాను. బరువు లెక్కకు రానంత స్వల్పం, గాలి ఆడుతున్నది, స్లాబు ఆరుతున్నది.

ఇప్పటివరకు ఖర్చు: 1,910 రూపాయలు. పంట: 1,050 గ్రాములు.

ఐదో దశ: బలం తిరిగి ఇవ్వటం (అక్టోబరు 26 – నవంబరు 10)

ఉప్పుతో పాటు నత్రజని కూడా కొట్టుకుపోయింది. మిగిలిన తోటకూర మొక్కలు లేతపసుపుకు తిరిగాయి. మళ్ళీ ఎరువుల దుకాణానికి వెళ్ళే ధైర్యం లేక జీవామృతం తయారుచేశాను. ఎకరానికి 200 లీటర్ల నీటికి చెప్పే ప్రసిద్ధమైన పాళ్ళను ఇరవయ్యో వంతుకు కుదించాను.

1. కుళాయి నీరు 10 లీటర్లు
2. ఆవుపేడ అర కిలో, ఆవు మూత్రం అర లీటరు (మా వీధి చివర పశువుల సాల నుంచి, ఉచితంగా)
3. బెల్లం 100 గ్రాములు (ఇంటి నుంచి తెచ్చుకున్నది)
4. శనగపిండి 100 గ్రాములు
5. గుప్పెడు చెట్టు మొదటి మట్టి

నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి, తయారైన తరువాత వారంలోపు వాడేయాలి. నేను వాసనకు భయపడి బకెట్టు మూతను బిగించాను. పులిసే ద్రవం వాయువును వదులుతుందని తెలిసి కూడా చేసిన పని. రెండో రోజు తెల్లవారుజామున మూత ఎగిరిపడి, మెట్ల గది గోడ మీద మరక పడింది. అది కార్తీక మాసం, మామ్మగారు దీపం పెట్టడానికి పైకి వచ్చే వేళ. "ఏమ్మా, తులసమ్మ దగ్గర ఇదేం వాసన?" అన్నారు. గోడకు సున్నం వేసి, బకెట్టును డాబాకు పడమటి మూలకు మార్చి, మూతకు బదులు గోనెపట్టా కట్టాను.

పోసే ముందు మీటరు ముంచాను. చిక్కటి జీవామృతం 2,640 చూపింది. మూత్రంలో లవణాలుంటాయి. ఒక పాలుకు పది పాళ్ళ కుళాయి నీరు కలిపితే 390కి దిగింది. సంచికి అర లీటరు చొప్పున పది రోజులకొకసారి, దానితో పాటు మొదటిసారి పిడికెడు వానపాముల ఎరువు, ఇదివరకు మిగిలినదే. పన్నెండు రోజుల్లో ఆకుపచ్చ తిరిగి వచ్చింది. ఇందులో ఎంత జీవామృతం వల్ల, ఎంత పిడికెడు ఎరువు వల్ల అన్నది విడదీయడానికి రెండూ ఒకేసారి వేసి ఉండకూడదు.

తూర్పు గాలికి ఎదురుగా ఉన్న ఆకుల మీద ఉప్పుతుంపర పడకుండా అయిదు మీటర్ల ఆకుపచ్చ నీడవలను 200 రూపాయలకు కొని పిట్టగోడకు కట్టాను. గాలి ఉధృతి కొంత తగ్గింది.

ఇప్పటివరకు ఖర్చు: 2,130 రూపాయలు (శనగపిండి 20 కలిపి). పంట: 1,050 గ్రాములు.

ఆరో దశ: రెండో విత్తు, మూడు నీళ్ళ పోలిక (నవంబరు 2 – జనవరి 31)

బెండను మానేశాను. చలికాలంలో అది ఎటూ మందగిస్తుంది, పైగా మిగిలిన ఒకటి రెండు మొక్కలకు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ సోకి ఈనెలు పసుపు రంగుకు తిరిగాయి, పీకి పారేశాను. కొత్త వరుస: 1 నుంచి 3 తోటకూర, 4 నుంచి 6 పాలకూర, 7, 8 గోంగూర, 9 మెంతి, 10, 11 కొత్త టమాటా నారు, 12లో పాత మిరపే. పొట్లాలు, నారు కలిపి 68 రూపాయలు.

రోజూ పన్నెండు లీటర్ల కుళాయి నీటిని మూడు వరుసల మెట్లెక్కించడం పరీక్షల కాలంలో సాగదు. బోరునీటిని పూర్తిగా వదలాలా, కలిపి వాడవచ్చా అన్నది తెలుసుకోవడానికి మూడు పాలకూర సంచులకు మూడు రకాల నీళ్ళు కేటాయించాను. విత్తనం, మిశ్రమం, పోసే కొలత ఒక్కటే.

4వ సంచి, కుళాయి నీరు మాత్రమే (160): మొదటి కోత 410 గ్రాములు, రెండో కోత 380.
5వ సంచి, కుళాయి నీరు సగం, బోరునీరు సగం (700): 385, 350.
6వ సంచి, బోరునీరు మాత్రమే (1,240): 240, 170.

మొదటి కోత డిసెంబరు 8న, రెండోది జనవరి 2న. డిసెంబరులో పరీక్షల వల్ల నాలుగు రోజులు నీళ్ళు పోసే పనిని మా సివిల్ అమ్మాయికి అప్పగిస్తే, ఆమె చేతికి దగ్గరగా ఉన్న డాబా కుళాయితో అన్ని సంచులకూ పోసింది. కనుక 4వ సంచి కూడా నాలుగు రోజులు బోరునీరు తాగింది. రకానికి ఒక్క సంచే కాబట్టి ఈ అంకెలను పాలకూరకు, అదీ చలికాలానికి, మించి చాచకూడదు. అయినా నాకు కావలసిన సంగతి తేలింది. సగం సగం కలిపితే దిగుబడి స్వల్పంగానే తగ్గింది, అన్నిటికీ అలాగే పోస్తే మోత మాత్రం 12 లీటర్ల నుంచి 6కు దిగుతుంది. జనవరి నుంచి 6వ సంచి తప్ప ఆకుకూరలన్నిటికీ ఇదే పాలు. టమాటా, మెంతికి మాత్రం కుళాయి నీరే. పదిహేను రోజులకొకసారి ప్రతి సంచికీ అదనంగా ఆరు లీటర్ల కుళాయి నీటిని సీసా పద్ధతిలో పారిస్తున్నాను, లేకపోతే పేరుకున్న ఉప్పుకు బయటికి దారి ఉండదు.

ఈ దశలో దిగుబడి: పాలకూర 1,935 గ్రాములు, తోటకూర 1,350, గోంగూర 780, మెంతి 180, టమాటా 1,600, మిరప 240. మొత్తం 6,085.

ఇప్పటివరకు ఖర్చు: 2,198 రూపాయలు. పంట: 7,135 గ్రాములు.

కిలోకు 308 రూపాయలు పడింది. ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో ఇవే ఆకుకూరలు, టమాటాలు ఇంతకంటే చాలా చవకగా దొరుకుతాయి. సంచులు, మీటరు, వల, గొట్టాలు వచ్చే పంటకూ పనికివస్తాయి కనుక వాటి 990 రూపాయలను పక్కనపెడితే కిలోకు సుమారు 169. మొదటి రోజునే మీటరు కొని, కొబ్బరి పొట్టును మూడు నీళ్ళు కడిగి పిండి ఉంటే మొదటి విత్తు పోయేది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఈ వరుసలో చేస్తే నా ఆరు వారాలు మిగులుతాయి.

1. ఇంట్లో ఎన్ని రకాల నీళ్ళు వస్తాయో అన్నింటినీ కొలవాలి, ఆ తరువాతే సంచులు కొనాలి.
2. కొబ్బరి పొట్టు కడిగిన నీరు 300 పి.పి.ఎం. లోపుకు వచ్చేవరకు నీళ్ళు మార్చాలి. నాకు ఇటీవల కొన్న దిమ్మె ముక్కకు నాలుగు నీళ్ళు పట్టాయి.
3. తడిసిన ఒక సంచిని తూచి, కింద పెట్టే వాటి బరువుతో సహా లెక్క కట్టాలి.
4. ఆకు అంచు మాడితే, మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతున్నదా, పైన తెల్లపొర ఉన్నదా చూడాలి. ఉంటే ఎరువు జోలికి పోకూడదు.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మీటరును కూడా తీసుకువెళ్ళాను. మా బావినీరు 280 చూపింది. తాతయ్య కళ్ళజోడు సవరించుకొని ఆ అంకెను చూసి, మా డాబా బోరుది ఎంత అని అడిగారు. చెప్పాను. కాసేపు మీటరును అటూ ఇటూ తిప్పి, "ఆ మిగిలిన పొటాష్ ఎంతుంది?" అన్నారు. 940 గ్రాములు ఉందన్నాను. "ఈసారి వచ్చినప్పుడు తెచ్చెయ్యి. గట్టు మీద కొబ్బరిచెట్లకు వేస్తాను, వాటికి ఆ ఉప్పు పడుతుంది" అన్నారు. నిజమే, కొబ్బరికి పొటాష్ తో పాటు క్లోరైడ్ కూడా మేలు చేస్తుంది. నెలాఖరులో పొట్లం ఊరికి చేరింది. 37 రూపాయలను పద్దులోంచి తీసివేశాను.

జనవరి 31 నాటికి ఖర్చు: 2,161 రూపాయలు. పంట: 7,135 గ్రాములు. 6వ సంచి మట్టి: 1,180 పి.పి.ఎం., రేపు ఉదయం కడగాలి.